ఈ దాహం ఎవరిది?

ఆదివారం ఉదయం పాస్టరుగారి ప్రసంగం మంచి పాకాన పడిన వేళ, ఆడవాళ్ళ వైపు రెండో బెంచీలో కూర్చున్న సలోమమ్మకు చుట్ట తాగాలనిపించింది. ఏదో మాటవరసకు అనిపించడం కాదు. నాలుక పీకేస్తోంది. వేళ్ళు వాటంతటవే పొగాకు చుడుతున్నట్టు కదులుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చుట్ట ముట్టుకున్న పాపాన పోలేదు. పైగా పొగాకు ఎంత చెడ్డదో సండేస్కూలు పిల్లలకు బొమ్మలు గీసి మరీ చెప్పే మనిషి.

అవతలి వైపు నుంచి ఆవిడ వేళ్ళను చూస్తూనే ఉన్న భర్త దానియేలు, గుడి బయటికొచ్చాక చెప్పులు వెతుక్కుంటూ అడిగాడు.

"నీదా, వార్డుదా?"

"వార్డుదేనండి. అయిదో మంచం సూరన్నది. లంక పొగాకు అడుగుతోంది నోరు."

దానియేలు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా బస్సు ఆయన్ని వదల్లేదు. "ఒక టికెట్టు మీద ఇద్దరెక్కితే నేను ఊరుకునేవాణ్ణి కాదు. నీ ఒంట్లోకి ఎంతమందిని ఎక్కించుకున్నావే?" అన్నాడు. ఏడుగురని సలోమమ్మ చెప్పలేదు. ఇంటికెళ్ళి ఒక లవంగం నోట్లో వేసుకుని సరిపెట్టుకుంది.

ఈ తంటా అంతా ఆ పట్టీ వల్ల వచ్చింది.

సలోమమ్మ పెద్దాసుపత్రిలో ఎముకల వార్డుకు హెడ్ సిస్టరు. రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది. ఇన్నేళ్ళలో ఆ వార్డులోకి వచ్చిన మార్పులన్నీ ఆవిడ కళ్ళముందే వచ్చాయి, కళ్ళముందే పోయాయి. ఒకసారి రోజుకో రంగు దుప్పటి అన్నారు. చాకిరేవుకు వెళ్ళొచ్చేసరికి అన్ని రోజులూ ఒకే రంగుకొచ్చాయి. ఇంకోసారి రోగులు మనసులో మాట రాసి వెయ్యండని గోడకో పెట్టె తగిలించారు. మింగబుద్ధి కాని మాత్రలన్నీ అందులో వేశారు. 'నవ్వుతూ పలకరిద్దాం' అని బిళ్ళలిచ్చి జాకెట్లకు పెట్టుకోమన్నప్పుడైతే, ఆ బిళ్ళ గుచ్చుకుని సిస్టర్లు రోజంతా మొహం చిట్లించుకునే తిరిగారు. ఏదొచ్చినా మూడో వారం దాకానే. రిబ్బను కత్తిరించిన వాళ్ళు వెళ్ళిపోతారు, సిస్టర్లు మళ్ళీ బల్ల దగ్గరికి చేరతారు, రోగులు మళ్ళీ కేకలు మొదలుపెడతారు. తను దిగిపోయేలోగా ఒక్కటంటే ఒక్క మంచి మార్పు ఆ వార్డులో నిలబడితే చూడాలని సలోమమ్మకు ఆశ. పైకి చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అలాంటి రోజుల్లో ఉజ్వల వచ్చింది. ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాలలో పనిచేసే పిల్ల. అట్టపెట్టె నిండా పట్టీలు తెచ్చింది, వాచీ పట్టీల్లాంటివి. ఒకటి సూరన్న మణికట్టుకు కట్టి, దాని జతను సలోమమ్మ మణికట్టుకు కట్టింది.

సూరన్న గోదావరి మీద లాంచీ నడిపి, రేవులో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న సరంగు. "ఏం సేత్తావమ్మా నన్ను?" అంటూ అనుమానంగా చూశాడు. ఉజ్వల అతని అరచేతిలో ఐసుముక్క పెట్టింది. మంచానికి ఇవతల నిలబడ్డ సలోమమ్మ ఉలిక్కిపడి తన చెయ్యి దులుపుకుంది. ఆవిడ చేతిలో ఏమీ లేదు. అయినా చల్లబడింది.

"ఆయన ఒంటికి తెలిసింది మీ ఒంటికి తెలుస్తుందండి. అంతా కాదు. అక్కడ రూపాయైతే ఇక్కడ పావలా," అంది ఉజ్వల. "ఊపిరాడకపోయినా, నొప్పి ఎక్కువైనా, పిలవకముందే మీకు తెలియాలని చేశాం."

ఒక్కో సిస్టరు పట్టీకి ఏడేసి మంచాలు కలిపింది. ఎవరికైందో పట్టీ చెప్పదు, ఏమైందో మాత్రమే చెబుతుంది. ఎవరిదో వెతుక్కోవాలి.

పెద్ద పెద్ద నొప్పులొస్తాయని గుండె దిటవు చేసుకుని కూర్చున్నారు సిస్టర్లందరూ. తీరా వచ్చింది దురద. నాగజ్యోతి అనే సిస్టరు వీపు గోక్కుని గోక్కుని అలిసిపోయింది గానీ దురద పోలేదు. తనది కాని వీపును ఎంత గోకినా ఏం లాభం? లేచి మంచాలన్నీ వెతికితే, రెండు చేతులకూ కట్లున్న తాపీమేస్త్రీ ఒకాయన, ఎవరినీ అడగలేక పళ్ళు బిగించుకుని పడుకుని ఉన్నాడు. దురద తర్వాత దాహం వచ్చింది. దాహం తర్వాత నడుము కింద ముడతపడిన దుప్పటి. ఆ తర్వాత మళ్ళీ దాహం.

నీళ్ళ చెంబు ప్రతి మంచం పక్కనా స్టూలు మీద ఉంది. మరి ఈ దాహమేమిటని సలోమమ్మ నడిచి చూసింది. స్టూళ్ళన్నీ కుడిపక్కనే, వరసగా, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. కుడిచెయ్యి విరిగినవాడికి కూడా కుడిపక్కనే. తను రోజూ ఆ స్టూళ్ళ పక్కనుంచే నడిచింది, ఒక్కటీ జరపలేదు. ఆవిడకు చాలా సిగ్గేసింది. ఆ మధ్యాహ్నమే ఎవరి బాగున్న చెయ్యి ఎటుంటే అటు స్టూలు జరిపించింది.

అక్కణ్ణించి మొదలైంది. డ్యూటీ మారేటప్పుడు బల్ల దగ్గర నిలబడి అప్పగింతలు చెప్పుకోవడం మానేసి, ప్రతి మంచం దగ్గరా రోగి ముందే చెప్పుకోవడం పెట్టారు. రోగులు మధ్యలో దూరి, "రాత్రి నిద్ర పట్టలేదన్న ముక్క ఒదిలేశారమ్మా," అని దిద్దేవారు. పిలుపు రాకముందే వార్డు చుట్టి రావడం అలవాటు చేశారు. ఈ అలవాటు కనిపెట్టింది ఎవరంటే నాగజ్యోతి. వార్డులో ఆమెను మించిన బద్ధకస్తురాలు లేదు. ఫోను చేతిలోంచి దిగేది కాదు.

"వాళ్ళకి దాహమేశాక వెళ్తే నాకూ వేస్తందమ్మా," అంది సలోమమ్మతో. "వెయ్యకముందే ఇచ్చేసొచ్చాననుకోండి, ఇద్దరికీ గొడవుండదు. హాయిగా కూర్చోవచ్చు."

హాయిగా కూర్చోవడం కోసం ఆ పిల్ల తిరిగినంత తిరుగుడు ఇంకెవరూ తిరగలేదు. వార్డులో కేకలు తగ్గాయి. మూడో వారం దాటింది. సలోమమ్మ ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

అయితే పట్టీ తీసేసినా ఒంట్లో రోగి బాధ కాసేపు మిగిలిపోయేది. మొదట్లో ఇంటికెళ్ళేసరికి పోయేది. రానురాను భోజనాల దాకా ఉండేది, ఆపైన తెల్లారే దాకా. మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ దానియేలు ప్రతిసారీ అడిగేవాడు, "ఇది నీ దాహమా, వార్డుదా?" అని. వార్డుదైతే తాగినా తీరదు. తీరకపోతే వార్డుదని ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసేది. చివరికి అసలు గ్లాసే పట్టుకోవడం మానేసింది.

ఒకరోజు ఒళ్ళు కాలిపోతున్నట్టు, కీళ్ళన్నీ విరుగుతున్నట్టు అనిపించింది. సలోమమ్మ కంగారుపడి ఏడు మంచాలకూ థర్మామీటరు పెట్టింది. ఎవరికీ జ్వరం లేదు. థర్మామీటరు పాడైందని ఇంకోటి తెప్పించి మళ్ళీ పెట్టింది. అందరూ చల్లగా ఉన్నారు. మర్నాడు కూడా అదే వెతుకులాట. ఇంటికెళ్ళి, "ఎవరికో గట్టిగా జ్వరం వచ్చిందండి, మనిషి దొరకట్లేదు," అని దిగులుగా చెబుతుంటే దానియేలు ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"దొరికింది," అన్నాడు. ఆ తర్వాత ఆయన బస్సుల ప్రస్తావన తేలేదు. తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఈ సంగతి విని ఉజ్వల మొహం పాలిపోయింది. "ఇది చిన్న విషయం కాదమ్మా. ఆరోగ్యశాఖ సెక్రటరీ మేడమ్‌కి చెప్పాలి," అంది. సలోమమ్మ ఆ పిల్ల చేతులు పట్టుకుంది. "చెప్పొద్దు తల్లీ. పట్టీలు పట్టుకెళ్ళిపోతారు. పట్టీలు పోతే ఇదంతా పోద్ది. నాకు తెలుసు ఈ వార్డు సంగతి."

పట్టీలు ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి రాజధాని నుంచి సెక్రటరీ మేడమ్ వస్తున్నారని కబురొచ్చింది. అంతే, పెద్దాసుపత్రి పెళ్ళివారిల్లయింది.

సూపరింటెండెంటు డాక్టర్ కామేశ్వరరావు చెడ్డవాడు కాదు. పై అధికారి వస్తున్నారంటే మాత్రం ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడవు. సిస్టర్ల పట్టీలన్నీ ముందే ఊడదీయించి, తన గదిలో ఎర్ర మఖమలు గుడ్డ పరిచిన పళ్ళెంలో పేర్పించాడు, మేడమ్ చూడ్డానికి. స్టూళ్ళ మీద తడి మరకలు పడతాయని చెంబులు ఎత్తించాడు. రోగుల తాలూకు వాళ్ళందరినీ గేటు బయటికి పంపించాడు. బెడ్‌పాన్లు తళతళా తోమించి స్టోరులో పెట్టించాడు. ఇక చిట్టచివరి ఏర్పాటు, ఏళ్ళ తరబడి ప్రతి తనిఖీకీ జరిగేదే. మరుగుదొడ్లు ఫినాయిలుతో కడిగి, అధికారి వచ్చి చూసేదాకా మళ్ళీ మురికవకుండా తాళం వేశారు.

బీరువాలోంచి ఆ తాళం తీసిచ్చింది సలోమమ్మే. ఆవిడకు ఆ నిమిషంలో తప్పనిపించలేదు. చేతికి పట్టీ లేదు, తనిఖీ రోజు తాళం వెయ్యడం చెయ్యికి అలవాటైన పని. నాగజ్యోతి తలుపు లాగి సరిగ్గా పడిందో లేదో కూడా చూసింది. తాళంచెవి స్వీపరు పైడమ్మ కొంగుకు కట్టుకుంది. పైడమ్మను పూలపళ్ళెం పట్టుకోవడానికి గేటు దగ్గర నిలబెట్టారు.

పొద్దున వస్తామన్న మేడమ్ మధ్యాహ్నానికి వచ్చారు. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. కామేశ్వరరావు వార్డు మధ్యలో నిలబడి ఉపన్యాసం అందుకున్నాడు. రోగి బాధ తన బాధగా భావించడమంటే ఏమిటో మేడమ్ ఎదుట స్వయంగా చూపిస్తానని, నాగజ్యోతి తెచ్చి పట్టుకున్న పళ్ళెంలోంచి ఒక పట్టీ తీసి కట్టుకున్నాడు. దాన్ని సూరన్న పట్టీ ఒక్కదానికే కలిపించాడు. సూరన్న నవ్వుమొహం మనిషి, ఏం అడిగినా 'ఆయ్, అంతా బాగుందండి' అనాలని పొద్దుటి నుంచీ నేర్పించి ఉంచారు.

"ఎంత తెలుస్తుంది?" అన్నారు మేడమ్.

"పావలా వంతండి," అంది ఉజ్వల.

"పావలా ఏమిటమ్మా, నేను సూపరింటెండెంటుని. పూర్తిగా పెట్టు."

"సార్, పూర్తిగా ఎవరికీ పెట్టలేదు..."

"పెట్టమంటుంటే."

ఉజ్వల పెట్టింది.

గేటు బయటికి పంపేముందు సూరన్న కూతురు తండ్రికి చెంబుడు మజ్జిగ పట్టించి వెళ్ళింది. ఎండాకాలం, ఒంటికి మంచిదని. అది పొద్దుటి మాట.

"రోగి మన ఇంటి మనిషి అనుకున్నప్పుడే..." అంటున్న కామేశ్వరరావు ఆగిపోయాడు. కాలికి కాలు మెలిపెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. "ఇంటి మనిషి..." అని మళ్ళీ మొదలుపెట్టి, "ఒక్క నిమిషం మేడమ్," అని ఎక్కడలేని వేగంతో వరండాలోకి పరుగెత్తాడు. మరుగుదొడ్డికి తాళం. "తాళంచెవి ఏదీ?" అని కేక వినిపించింది. ఎవరో పైడమ్మ అన్నారు, ఎవరో గేటు అన్నారు. ఆయన ఆగలేక అదే అంతస్తులో చివరనున్న తన గదికెళ్ళి, అక్కడి సొంత మరుగుదొడ్డిలో దూరి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి బయటికొచ్చాడు. వెళ్ళినప్పటికంటే హీనంగా ఉంది మొహం.

"సిస్టర్," అన్నాడు సలోమమ్మ దగ్గరికొచ్చి, ఏడుపు గొంతుతో. "వస్తోంది. వెళ్తే రావట్లేదు. నాకేదో అయింది."

సలోమమ్మకు అప్పుడు వెలిగింది. సూరన్న వైపు చూసింది. ముసలాయన రెండు చేతులతో మంచం పట్టె బిగించి పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, నేర్పిన నవ్వును మొహం మీద అలాగే నిలబెట్టుకుని ఉన్నాడు.

"అది మీది కాదండి, సూరన్నది," అంది మెల్లగా. "మీరెన్నిసార్లు వెళ్ళినా తీరదు. ఆయన వెళ్ళాలి."

"అయితే తీసుకెళ్ళండి, త్వరగా."

"తాళం సార్. బెడ్‌పాన్లు స్టోర్లో ఉన్నాయి. దానికీ తాళమే."

పట్టీ విప్పేసుకోవచ్చన్న సంగతి కూడా కామేశ్వరరావుకు తట్టలేదు. సూరన్న చంకకింద తన భుజం పెట్టి లేపాడు. అవతలి వైపు సలోమమ్మ పట్టుకుంది. సూపరింటెండెంటు గది వైపు ఊరేగింపు బయలుదేరింది. ఆపరేషను చేసి వేసిన కొత్త తుంటితో సూరన్న అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఒక యుగం పడుతోంది. వెనకాల సెక్రటరీ మేడమ్, ఆవిడ వెనక ఉజ్వల, ఆ వెనక మఖమలు పళ్ళెంతో నాగజ్యోతి.

"కాస్త త్వరగా నడవయ్యా," అని బతిమాలాడు కామేశ్వరరావు, తనూ ముడుచుకుపోతూ.

"తొందరెట్టకండి బాబూ. రేవు దగ్గరికొచ్చాక గాభరాపడితే లాంచీ మెట్లని కొట్టేత్తది," అన్నాడు సూరన్న.

మొత్తానికి రేవు చేరారు. సలోమమ్మ సూరన్నను లోపల నిలబెట్టి పట్టుకుంది. బయట గోడకు ఆనుకున్న కామేశ్వరరావు కళ్ళు మూతలు పడ్డాయి. మొహంలో కండరాలన్నీ ఒక్కొక్కటిగా వదులయ్యాయి. "అమ్మయ్య," అన్నాడు. లోపలి నుంచి కూడా అదే మాట, అదే సమయానికి వినిపించింది.

మేడమ్ నవ్వలేదు. వార్డులోకి తిరిగొచ్చి, "ఇంకా ఎవరెవరు ఆపుకుని ఉన్నారు?" అని అడిగారు. చేతులు బాగున్నవాళ్ళందరూ చేతులెత్తారు. తాపీమేస్త్రీ కాలెత్తాడు. పైడమ్మను గేటు దగ్గర్నుంచి పూలపళ్ళెంతో సహా పిలుచుకొచ్చారు. ఆఖరి మనిషి వెళ్ళొచ్చేదాకా మేడమ్ సూరన్న స్టూలు మీదే కూర్చున్నారు. కామేశ్వరరావు ఒకటొకటిగా బెడ్‌పాన్లు అందించాడు.

తర్వాత ఉజ్వల చెప్పేసింది. పట్టీ తీసినా ఒంట్లో మిగిలిపోతోందని, సలోమమ్మ తన జ్వరాన్ని రెండు రోజులు రోగుల్లో వెతుక్కుందని. దాచమన్నా దాచలేదు. సలోమమ్మకు కోపం రాలేదు. ఇంత జరిగాక కోపానికి మొహమెక్కడుంది?

"ఈ లోపం సరిదిద్దేదాకా పట్టీలు ప్రయోగశాలకు వెళ్ళిపోవాలి," అన్నారు మేడమ్. "మంచాల దగ్గర మీరు పెట్టుకున్న పద్ధతులు మాత్రం బాగున్నాయి. పట్టీలు లేకుండా సాగించగలరా, సిస్టర్?"

సలోమమ్మ ఖాళీ స్టూళ్ళ వైపు చూసింది. ఒక్క పూట పట్టీ లేకపోయేసరికి, అందరూ ఏం చేశారు? చెంబులెత్తేశారు. తాళాలేశారు. తాళం తనే తీసిచ్చింది. ఇక సాగడమేమిటి?

"చూస్తామండి," అంది తలవంచుకుని.

పట్టీలు అట్టపెట్టెలో వెళ్ళిపోయాయి. కామేశ్వరరావు ఆ మరుగుదొడ్డి తాళాన్ని తన బల్ల మీద పెట్టుకున్నాడు, కాగితాలు ఎగిరిపోకుండా. ఎవరైనా తనిఖీ అంటే దాని వైపు చూసి కుర్చీలో సర్దుకునేవాడు. సలోమమ్మ మాత్రం రోజూ వార్డులో గట్టిగా గుర్తుచేస్తూ తిరిగింది. నీళ్ళిచ్చారా, దుప్పటి సర్దారా, స్టూలు ఎటుంది అని. గుర్తుచేస్తే జరిగేది మార్పు కాదని ఆవిడకు తెలుసు. తను వెళ్ళిపోయాక గుర్తుచేసేదెవరు?

మూడో వారం వచ్చింది. ఆ సోమవారం ఆవిడ ఒట్టు పెట్టుకుని వచ్చింది, ఇవాళ నోరు తెరవనని. బల్ల దగ్గర కుర్చీలో కూర్చుంది. చచ్చే మార్పు ఎలాగూ చస్తుంది, కళ్ళారా చూసి ఊరుకుందామని.

నాగజ్యోతి ఎదురుగా కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ లేవలేదు. సలోమమ్మకు గొంతు దాకా వచ్చింది, లేవండే అని. ఒట్టు గుర్తొచ్చి మింగేసింది. అయిపోయిందిలే అనుకుంది. ఈసారి గోడకు పెట్టె కూడా మిగలదు.

నాగజ్యోతి తలెత్తింది. ఫోను బోర్లా పెట్టింది. లేచి ఒళ్ళు విరుచుకుని, మొదటి మంచం దగ్గరికి వెళ్ళింది. దుప్పటి లాగి సర్దింది. రెండో మంచం దగ్గర స్టూలు ఇటు నుంచి అటు జరిపింది. తాపీమేస్త్రీ వీపు గోకింది, ఆయన అడగకుండానే. సూరన్న ఇంటికెళ్ళిపోయాడు. ఆ మంచం మీద కొత్తగా చేరిన కుర్రాడితో ఏదో అడిగి నవ్వించింది. ఆమె మణికట్టు మీద పట్టీ ఉన్న చోట తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. వార్డంతా చుట్టి, మంచినీళ్ళ గ్లాసుతో బల్ల దగ్గరికి వచ్చింది.

సలోమమ్మ ఒట్టు తప్పింది. "ఎవరికే అది?"

"మీకేనమ్మా."

"నాకా? నాకేం దాహం లేదు. ఎవరిదో చూడు."

"అందర్నీ అడిగొచ్చాను. ఎవరికీ లేదు. ఇందాకట్నించి పెదాలు తడుపుకుంటంది మీరే."

"పట్టీ లేదు కదే నీకు. ఎలా తెలిసింది?"

"కనపడతంది కదమ్మా," అంది నాగజ్యోతి, ఇదేం ప్రశ్న అన్నట్టు. గ్లాసు ఆవిడ కుడిచేతి పక్కన పెట్టి, ఫోను తీసుకుని కూర్చుంది.

సలోమమ్మ ఆ గ్లాసు వంక కాసేపు చూసింది. తర్వాత ఎత్తి గటగటా తాగింది. గొంతులోంచి కడుపులోకి చల్లగా దిగింది. ఎన్నాళ్ళ తర్వాతో, తాగితే దాహం తీరుతోంది. పావలా దాహం కాదది, నిండు రూపాయి. కళ్ళు తుడుచుకుని, ఇంకో గ్లాసు తెమ్మంది.